మేస్త్రి బల్ల

కాలిన వాసన మేస్త్రి ముక్కుకి ముందే అందింది. యజమాని ఆ సర్క్యూట్ కార్డుని ఇంకా బల్ల మీద పెట్టలేదు, గుమ్మం దాటి లోపలికి వస్తున్నాడంతే. అయినా పెద్ద కరెంటేదో చిన్న సందులో దూరి నాశనం చేసిందని మేస్త్రికి తెలిసిపోయింది. ఇన్నేళ్ళుగా చెడిపోయిన కార్డులు బాగుచేస్తున్న మనిషికి ఆ వాసన చుట్టంలాంటిది, రావద్దన్నా వస్తుంది.

"పోయినవారం మన దగ్గర్నుంచి వెళ్ళిన లిఫ్టు కార్డు," అన్నాడు యజమాని. ఆయన గొంతు పెంచే మనిషి కాదు. "రెండంతస్తుల మధ్య లిఫ్టు ఆగిపోయిందట. లోపల ఒక ముసలావిడ ఒక్కతే ఉంది. తలుపు తెరిచి దించేదాకా ఎవరిని పిలవాలో తెలియక గోడ తడుతూనే ఉందట."

షాపులో నాలుగు బల్లలున్నాయి. కిటికీ పక్కది మేస్త్రిది. వెలుతురు బాగా పడే బల్ల కాబట్టి అందరిలోకీ పెద్దవాడికి దక్కింది. పక్క బల్లవాణ్ణి అందరూ గొణుగుడు అంటారు. పనిచేస్తున్నంతసేపూ కార్డుని బతిమాలడమో తిట్టడమో చేస్తూనే ఉంటాడు. ఆ పూట అతని నోరు కూడా మూతపడింది.

యజమాని వేలితో నల్లబడ్డ చోటు చూపించాడు. "ఇక్కడ వెయ్యి ఓముల రెసిస్టరు ఉండాలి మేస్త్రీ. వందది ఉంది."

తేడా ఒక్క గీత. రెసిస్టరుకి ఒంటి మీది రంగు గీతలే పేరూ ఊరూ. గోధుమ, నలుపు, ఎరుపు వరసగా ఉంటే వెయ్యి. మూడోది ఎరుపు కాక మళ్ళీ గోధుమే అయితే వంద. ఎరుపు ఎక్కడ ఆగుతోందో, గోధుమ ఎక్కడ మొదలవుతోందో మేస్త్రికి కొన్ని నెలలుగా తెలియడం లేదు. చూపు నడిమధ్యన ఎవరో తడివేలితో అలికేసినట్టు ఉంటోంది. ఏదైనా చూడాలంటే మొహం పక్కకి తిప్పి కంటికొసతో చూడాలి. పోనీ మీటరు పెట్టి కొలుద్దామంటే దాని తెర మీద అంకెలు బూడిదలో బూడిదలా కలిసిపోతున్నాయి. ఇది కంటినరం జబ్బనీ, పోయిన చూపు రాదనీ, ఉన్నది నిలబడితే అదే పదివేలనీ డాక్టరు చెప్పాడు. ఆ మాట మేస్త్రి ఇంట్లో చెప్పలేదు, షాపులోనూ చెప్పలేదు. చేతి అలవాటు మీద బండి లాగిస్తున్నాడు.

యజమాని డబ్బాలోంచి ఒక రెసిస్టరు తీసి మేస్త్రి అరచేతిలో పెట్టాడు. "ఇదెంత?"

మేస్త్రి దాన్ని కిటికీ వైపు ఎత్తాడు. తల కొంచెం పక్కకి వాల్చాడు. వెనక బల్లల మీద పని ఆగిపోయింది. వెనక్కి తిరిగి చూడకపోయినా అందరి కళ్ళూ తన వీపు మీదే ఉన్నాయని మేస్త్రికి తెలుస్తోంది. పసుపు కనిపించింది. దాని పక్కది ఊదా అయ్యుండాలి. మూడోది?

"నాలుగువందల డెబ్బై," అన్నాడు.

యజమాని మీటరు పెట్టి చూసుకున్నాడు. దాన్ని పక్కన పడేశాడు. ఇంకొకటి ఇచ్చాడు. మేస్త్రి దానికీ ఒక జవాబు చెప్పాడు. మూడోది ఇచ్చినప్పుడు మాత్రం పిడికిలి మూసేసి, "ఇలా అందరి ముందూ అడగాల్సింది కాదు సార్," అన్నాడు.

"ముసలావిడ లిఫ్టులో ఇరుక్కోకపోతే అడిగేవాణ్ణి కాదు," అన్నాడు యజమాని. "ఈ వారం ఇంట్లో ఉండండి. సోమవారం రండి. ఓ గుప్పెడు రెసిస్టర్లు ఇస్తాను. మీకు తోచినట్టు, ఏ దారిలోనైనా సరే, ఎవరి సాయం లేకుండా కనుక్కోండి. అన్నీ సరిగా చెప్తే ఈ బల్ల మీదే. నా మాట మాటే," అన్నాడు.

మేస్త్రి సీసం అతికే ఐరన్ ప్లగ్గు పీకి, దాని మొన స్పాంజికి తుడిచి, స్టాండులో పెట్టాడు. గొణుగుడు గుమ్మందాకా వచ్చి, "అన్నా, నాకైనా చెప్పాల్సింది. పక్కనే ఉన్నాను కదా, రంగులు నేను చూసేవాణ్ణి," అన్నాడు. మేస్త్రి తల ఊపాడు. ఆ ఉపకారం అడగలేకే కదా ఇంతదాకా వచ్చింది.

*

ఇంట్లో సెలవు పెట్టానన్నాడు. ఎన్నడూ లేనిది సెలవేమిటని భార్య వింతపడింది, ఆ వెంటనే అటక మీది సామాను దింపించింది. కొడుకు వ్యాను నడుపుతాడు. ఊళ్ళ మీద తిరిగి వారంలో సగం రోజులు ఇంట్లోనే ఉండడు. ఉన్న ముగ్గురిలో మేస్త్రిని తేరిపార చూసింది కోడలే.

మర్నాడు మధ్యాహ్నం మేస్త్రి ముందుగదిలో తెల్లటి గుడ్డ పరిచి, డబ్బాలోంచి పాత రెసిస్టర్లు కుమ్మరించి, ఒక్కొక్కటే ఎత్తి కంటికొసకి తెచ్చుకుని సీసామూతల్లోకి వేరుచేస్తున్నాడు. వారం రోజులు సాధన చేస్తే కళ్ళు దారికొస్తాయని ఎక్కడో ఒక ఆశ. కోడలు టీ తెచ్చి పక్కన పెట్టి, పోకుండా అక్కడే నిలబడింది.

"మావయ్యా, ఈ మూతలో రెండు రకాలు కలిశాయి."

"తెలుసు. నేనే కలిపాను."

కోడలు కిందకూర్చుని మూతని తన వైపు లాక్కుంది. మాట్లాడకుండా ఏరడం మొదలుపెట్టింది. రెండో మూత కూడా ఏరింది. మూడోది తీసుకుంటుంటే మేస్త్రి చెయ్యి అడ్డం పెట్టాడు.

"ఎన్నాళ్ళనుంచి?" అంది.

"ఏది?"

"కళ్ళు."

మేస్త్రి తేలు కుట్టిన దొంగలా కూర్చున్నాడు. వంటింట్లో భార్య గిన్నెలు సర్దుతున్న చప్పుడు వింటూ, గొంతు తగ్గించి, కాలిన కార్డు దగ్గర్నుంచి సోమవారం పరీక్షదాకా చెప్పేశాడు. చెప్పాక తేలికగా ఉంటుందనుకున్నాడు గాని అదేం లేదు.

"ఏ దారిలోనైనా సరే అన్నారా?" అని అడిగింది కోడలు.

"అన్నాడు."

"అయితే చెవితో కనుక్కోవచ్చు. నేనొకటి చేసిపెడతాను."

"నువ్వా?"

"ఎలక్ట్రానిక్స్ డిప్లొమాలో చేసిందే మావయ్యా. విలువ తెలియని రెసిస్టరు ఇచ్చి కనుక్కోమనేవాళ్ళు. మాకు అంకెలు తెర మీద పడేవి. తెర తీసేసి చప్పుడు పెడితే సరి."

ఆమె మంచం కింద నుంచి బిస్కెట్ల రేకుడబ్బా తెచ్చింది. అందులో అగ్గిపెట్టెకన్నా కాస్త పెద్దదైన, చిన్న కంప్యూటరు లాంటి మైక్రోకంట్రోలర్ బోర్డు, పాత గుడ్డలో చుట్టి భద్రంగా ఉంది. ఆ డబ్బాని మేస్త్రి చివరిసారి చూసింది రెండేళ్ళ క్రితం. మీటర్లు తయారుచేసే ఫ్యాక్టరీ ఏదో కోడల్ని ఉద్యోగానికి రమ్మంటే, ఇదే గదిలో ఆమె ఆ కబురు చెబుతూ నిలబడింది. మేస్త్రి పేపరు మడుస్తూ, "సంపాదించే మగాళ్ళం ఇద్దరం ఉన్నాం. మూడో చెయ్యి అవసరం మన ఇంటికింకా రాలేదమ్మా," అన్నాడు. కొడుకు నేల చూశాడు. ఆమె సరేనంది. ఆ తర్వాత ఆ ఊసు ఎవరూ ఎత్తలేదు.

ఇప్పుడు ఆమె డబ్బా మూత పెట్టేస్తూ, "మీ ఐరన్ ఒకసారి వాడుకోవచ్చా?" అని మాత్రం అడిగింది.

*

రెండు పూటల మధ్య దొరికిన సమయమే ఆమెది. అన్నం వార్చి వచ్చి ఒక తీగె అతికేది. బట్టలు ఆరేసి వచ్చి ఇంకొకటి. మేస్త్రి పక్కన కూర్చుని ఐరన్ చప్పుడు వినేవాడు. సీసం కరిగేటప్పుడు వచ్చే సన్నటి చుయ్‌మనే శబ్దాన్ని బట్టి అతుకు మంచిదో కాదో చెప్పగలడతను. మొదటి రోజు, "మొన ఆనించి లెక్కపెట్టకు, కరిగిందని తెలిశాక తియ్యి," అని రెండుమూడుసార్లు సణిగాడు. తర్వాత సణగాల్సిన పని పడలేదు.

"ఇది తక్కెడ లాంటిదే మావయ్యా," అంది ఆమె. "ఒక పక్క మనకి తెలిసిన రెసిస్టరు, రెండో పక్క తెలియనిది. ఈ నాబ్ తిప్పుతుంటే ముల్లు అటూ ఇటూ జరుగుతుంది. బోర్డు రెండు వైపులా చూస్తూ ఉంటుంది. దూరంగా ఉంటే ఆగి ఆగి కూస్తుంది, దగ్గరవుతుంటే తొందరగా కూస్తుంది, సమానమైతే ఆగకుండా మోగుతుంది. అప్పుడు నాబ్ ఎక్కడుందో వేలితో తడుముకుంటే అదే విలువ."

"బ్యాటరీ తగ్గితే?"

"రెండు పక్కలా ఒక్కలాగే తగ్గుతుంది. తక్కెడని ఎండలో పెట్టినా నీడలో పెట్టినా తూకం మారదు కదా."

మేస్త్రి నాబ్ పట్టుకుని తిప్పి చూశాడు. పాత రేడియోలోంచి పీకిన పొటెన్షియోమీటరు అది. సగందాకా తిప్పినా కూత పెద్దగా మారలేదు, ఆ తర్వాత వేలు కదిలిస్తే చాలు దాటిపోతోంది.

"ఇది వాల్యూముది అమ్మాయ్," అన్నాడు. "చెవికి తగ్గట్టు చేస్తారు, సమంగా పెరగదు. నీ లెక్క తప్పు కాదు, వస్తువు తప్పు. నా పెట్టెలో పాత ఛార్జరుది ఒకటుంది, సమంగా పెరిగేది, అది వేసి చూడు."

వేసి చూసింది. నాబ్ కింద అట్టముక్క అతికించి, విలువ తెలిసిన రెసిస్టర్లు ఒక్కొక్కటే క్లిప్పులకి తగిలించి, మోగిన చోటల్లా అగ్గిపుల్ల ముక్క అంటించింది. సరిగ్గా మధ్యన మందపాటిది. చిన్న విలువలకీ పెద్ద విలువలకీ పుల్లలు అంచుల్లో ఒకదాని మీద ఒకటి ఎక్కేస్తుంటే, తెలిసినవైపు రెసిస్టరుని మార్చుకోవడానికి మూడు మెట్ల స్విచ్చి పెట్టమన్నాడు మేస్త్రి. ఆ ఆలోచన తనకి రానందుకు ఆమె నవ్వింది. ఈ ఇంట్లో ఆమె అలా నవ్వగా విన్న గుర్తు లేదతనికి.

"ఏంటా కీచుకీచు?" అంది భార్య లోపలికి వచ్చి. "ఎలుకేదైనా పడిందా అని అటకంతా వెతికాను. మావా కోడళ్ళు రేడియో స్టేషను పెడితే పెట్టండి గానీ, కూర అడుగంటితే మాత్రం వార్తల్లో చెప్పకండి."

ఇంక దాచలేక మేస్త్రి కళ్ళ సంగతి ఆమెకి కూడా చెప్పాడు. భార్య గుమ్మంలో కూర్చుంది. ఏడవలేదు. "అందుకేనా మొన్న నా చీర చూసి రంగు బాగుందన్నారు? అది ఇంట్లో కట్టే పాతదే కదా అనుకున్నాను," అంది.

శనివారానికల్లా మేస్త్రి వేళ్ళు ఆ పుల్లల దారి పట్టేశాయి. ఒక చెవిలో ఇయర్‌ఫోను, కళ్ళు మూసుకుని, నాబ్ నెమ్మదిగా దాటించి మళ్ళీ వెనక్కి తెచ్చి, మోత నడుమ ఆపేవాడు. కోడలు ఎదురుగా కూర్చుని రంగులు చూసి సరిపోల్చుకునేది. తప్పు రావడం ఆగిపోయాక కూడా ఇద్దరూ కాసేపు ఆపలేదు.

*

సోమవారం కోడలు వెంట వచ్చింది. వద్దన్నాడు గాని, తీగె ఊడితే అతికేవాళ్ళుండాలి కదా అంది.

యజమాని మాట ప్రకారం గుప్పెడు రెసిస్టర్లు తీసి బల్ల మీద పోశాడు. షాపు మామూలుగానే రొదగా ఉంది. ఒకడు ఛార్జరు పరీక్షిస్తున్నాడు, పైన ఫ్యాను గరగరలాడుతోంది. మేస్త్రి క్లిప్పు నోరు తెరిచి రెసిస్టరు తీగెకాలు ఒకటి తగిలించాడు, రెండో కాలు తగిలించాడు. కళ్ళు మూశాడు. వేలు పుల్లల మీదుగా నడిచింది.

"రెండువేల రెండువందలు."

యజమాని మీటరు పెట్టాడు. తల ఊపి పక్కన పెట్టాడు.

"నలభై ఏడు వేలు... వంద... ఇది వెయ్యి. వెయ్యే." ఆ మాట దగ్గర మేస్త్రి కొంచెం ఆగాడు. మళ్ళీ నాబ్ దాటించి వెనక్కి తెచ్చాడు. "వెయ్యే సార్."

కుప్ప తరిగిపోయింది. ఒకచోట మాత్రం యజమాని తల ఊపకుండా ఆగాడు. "దీని మీద గీతలు ఐదువందల అరవై అంటున్నాయి. మీరు ఆరువందలు దాటిందన్నారు."

"గీతల సంగతి నాకు తెలీదు సార్. అది ఎక్కడో వేడికి లోనైంది."

మీటరు మేస్త్రి మాటే చెప్పింది. గొణుగుడు పక్క బల్ల మీంచి, "అదీ అన్నా," అని పైకే గొణిగాడు. ఎవరో నవ్వారు. మేస్త్రి ఇయర్‌ఫోను తీసి, చొక్కాకి చేతులు తుడుచుకున్నాడు. ఇంట గెలిచాడు, రచ్చ గెలిచాడు.

యజమాని అట్టనీ నాబ్‌నీ తిరగేసి చూస్తూ, "ఎవరు చేశారిది?" అన్నాడు.

"మా కోడలు."

ఆ తర్వాత గొణుగుడు మేస్త్రిని మంచినీళ్ళకి లాక్కెళ్ళాడు. వచ్చేసరికి యజమానీ కోడలూ చివరి బల్ల దగ్గర ఉన్నారు. ఎవరికీ అంతుపట్టక మూలపడిన కార్డొకటి ఆమె చేతిలో ఉంది. ఏదో అడుగుతున్నాడు, ఏదో చెబుతోంది. ఇద్దరి మొహాలూ మేస్త్రికి అలికిన గోడల్లా కనిపించాయి. ఆమె చెయ్యి ఒకసారి కార్డు మీద ఒకచోట ఆగడం, యజమాని వంగడం తెలిశాయి.

"రేపు రండి మేస్త్రీ, మాట్లాడుకుందాం," అన్నాడు యజమాని వాళ్ళు వెళ్ళేటప్పుడు.

బస్సులో, "ఏమంటాడు?" అని అడిగాడు మేస్త్రి.

"కార్డు గురించి అడిగారు," అంది కోడలు, కిటికీలోంచి బయటికి చూస్తూ.

*

మర్నాడు యజమాని తలుపు దగ్గరగా వేసి, టీ తెప్పించాడు. టీ తెప్పించినప్పుడే మేస్త్రికి అనుమానం వచ్చింది. ఆయన మంచి కబురుకి టీ తెప్పించే మనిషి కాదు.

"మీరు నెగ్గారు. అందులో మాటలేదు," అన్నాడు. "కానీ ఆ యంత్రం కాళ్ళున్న రెసిస్టర్లకి. ఇప్పుడొచ్చే కార్డుల్లో కాళ్ళెక్కడున్నాయి? ఆవగింజంత ముక్కలు, పట్టకారుతో ఎత్తి అతికించాలి. పాత కార్డులు ఇంకెన్నాళ్ళొస్తాయి? లిఫ్టు వాళ్ళు కూడా ఎవరు చేస్తున్నారని అడుగుతున్నారు. నేనేం చెప్పను?"

"మరి పరీక్ష ఎందుకు పెట్టారు సార్?"

యజమాని టీ గ్లాసు కింద పెట్టాడు. "మీరు నెగ్గరనుకున్నాను."

బయట ఎవరో సుత్తితో రేకు సరిచేస్తున్నారు. ఆ దెబ్బలు ఆగాక యజమాని మళ్ళీ అందుకున్నాడు. "మీ కోడల్ని పంపండి. ఆ మూలపడిన కార్డులో జబ్బు నిలబడే కనిపెట్టింది. మీ బల్లే ఇస్తాను. ఇంటి అన్నం ఇంట్లోనే ఉంటుంది. కాకపోతే ఈ వారంలోనే తేలాలి, పని ఆగిపోతోంది. ఆ మాట మీరే చెప్పండి. మీరు చెప్పడమే బాగుంటుంది."

మేస్త్రి తన సామాను సర్దుకోలేదు. సర్దితే అందరికీ తెలుస్తుంది. గొణుగుడు భుజం తట్టి, "ఎప్పట్నుంచి అన్నా?" అంటే, "చూడాలి," అని బయటపడ్డాడు.

దారంతా చెప్పాలనే అనుకున్నాడు. వాక్యం కూడా కూర్చుకున్నాడు. ఇంటికి వెళ్ళేసరికి భార్య ఎదురొచ్చి, "ఏమన్నారు? బల్ల మీదేనా?" అంది. వెనకాల కోడలు చేతులు తుడుచుకుంటూ నిలబడి ఉంది.

"నాదే," అన్నాడు మేస్త్రి.

ఒక్క మాట. తప్పుగా పెట్టిన రెసిస్టరు కూడా పెట్టినప్పుడు ఒక్కటే. మర్నాటి నుంచి పొద్దున్నే తయారై, కోడలు చేతి క్యారేజీ పట్టుకుని, మామూలు బస్సే ఎక్కి, మామూలు చోటు దాటాక దిగి, గ్రంథాలయంలో కూర్చోవడం మొదలుపెట్టాడు. అక్కడ ఎవరూ ఎవరినీ పలకరించరు. ఒక పేపరు ముందేసుకుని, అక్షరాల స్థానంలో ఉన్న బూడిదని చూస్తూ కూర్చునేవాడు. పేజీ తిప్పకపోతే అనుమానం వస్తుందని మధ్యమధ్య తిప్పేవాడు. మధ్యాహ్నం వెనకనున్న పార్కులో క్యారేజీ విప్పుకునేవాడు.

మొదట కోపం యజమాని మీద ఉంది. అన్నం తింటుంటే అది కోడలి మీదికి మళ్ళింది. ఏకై వచ్చి మేకైంది అనుకున్నాడు. తనకోసం చేశానంది, చేసి తన కుర్చీలో కూర్చోబోతోంది. ఆ చివరి బల్ల దగ్గర అంతసేపు నిలబడి ఎందుకు మాట్లాడాలి? జబ్బు తెలిసినా తెలియదంటే సరిపోయేది కదా. అలా అనుకున్న వెంటనే ఆ ఆలోచన ఎంత నీచంగా ఉందో అతనికే తెలిసింది. క్యారేజీ మూత పెట్టేశాడు. అయినా ఆ ఆలోచన పోలేదు, మర్నాడూ అతనికంటే ముందే వచ్చి ఆ బెంచీ మీద కూర్చుంది.

పొద్దున గుమ్మం దగ్గర కోడలు క్యారేజీ అందించేటప్పుడు వెంటనే వదిలేది కాదు. అతను పట్టుకున్నాక కూడా ఒక క్షణం ఆమె చెయ్యి దాని మీదే ఉండేది. యంత్రం ఎలా పనిచేస్తోందో వినాలని కాబోలు అనుకునేవాడు. "రొదలో వినిపిస్తోందా మావయ్యా?" అని అడిగింది ఒకరోజు. "బాగా వినిపిస్తోంది," అన్నాడు. ఇంకోరోజు, "ఏమైనా చెప్పాలా మావయ్యా?" అంది.

"ఏముంటుంది చెప్పడానికి?" అన్నాడతను, చెప్పుల్లో కాళ్ళు దూరుస్తూ.

*

శనివారం సాయంత్రం మేస్త్రి మామూలు వేళకే ఇల్లు చేరాడు. భార్య పక్కింటికి వెళ్ళినట్టుంది, ఇల్లు సద్దుమణిగి ఉంది. కోడలు పెరట్లో నల్లా దగ్గర గిన్నెలు కడుగుతోంది. అతను క్యారేజీ తెచ్చి గట్టు మీద పెట్టాడు. ఆమె దాన్ని విప్పి, గిన్నెలు వేరుచేసి, ఒకదానిలో మిగిలిన అన్నం కుండీలోకి వంచింది.

"ఇవాళ మీ బల్ల దగ్గర కొత్తతను కూర్చున్నాడట మావయ్యా," అంది తల ఎత్తకుండా.

నల్లా నీళ్ళు గిన్నెలో పడి పొంగి పోతున్నాయి. మేస్త్రి తలుపు చట్రం పట్టుకున్నాడు. "ఎవరు చెప్పారు?"

"మీ సారే ఫోను చేశారు. వారమంతా ఆగాను, ఇంక ఆగలేనమ్మా అన్నారు."

"నీకెందుకు చేశాడు?"

"ముందు నన్నే అడిగారు కాబట్టి. ఆ సోమవారమే. మీరు మంచినీళ్ళకి వెళ్ళినప్పుడు." ఆమె నల్లా కట్టేసింది. "మీ బల్ల పోయిందని నాకు అక్కడే తెలిసింది. మా మావయ్య తన నోటితో వెళ్ళమంటే వస్తానన్నాను. నేనలా అన్నానని మీతో చెప్పొద్దని కూడా అన్నాను."

మేస్త్రికి ఆ వారం పొద్దులన్నీ ఒక్కసారిగా తిరిగొచ్చాయి. అతను ఎక్కడికీ వెళ్ళడం లేదని తెలిసే ఆమె అన్నం కట్టింది. తెలిసే గుమ్మం దగ్గర నిలబడింది. గ్రంథాలయంలో కూర్చుని తను కూడబెట్టుకున్న కోపానికి ఇప్పుడు నిలబడే చోటు లేకపోయింది.

"నా బల్లమ్మా అది," అన్నాడు. "ఇన్నేళ్ళు కూర్చున్న బల్ల."

"తెలుసు. అందుకే మీరు ఇస్తారేమోనని చూశాను. తీసుకోవడం నాకిష్టం లేకపోయింది."

ఆమె గొంతులో ఎత్తిపొడుపు లేదు. ఉంటే బాగుండేదనిపించింది మేస్త్రికి. ఎత్తిపొడిస్తే మామగారిలా కసురుకునే వీలైనా ఉండేది.

"పోయినసారి వద్దన్నారు," అంది ఆమె కడిగిన గిన్నె బోర్లిస్తూ. "వద్దన్నది చెవులతో విన్నాను కాబట్టి సరే అనగలిగాను. ఈసారి వద్దని కూడా అనలేదు మావయ్యా."

మేస్త్రి యజమాని దగ్గరికి ఇప్పుడే వెళ్ళి బతిమాలతానని అనాలనుకున్నాడు. బల్ల మీద మనిషి కూర్చున్నాక బతిమాలడానికి ఏం మిగిలింది? ఇంకో షాపు చూద్దామనాలనుకున్నాడు. ఆ మాటకైనా ఆమె తన మొహం చూసి నవ్వదని నమ్మకం లేదు. ఆమె మొహం ఎలా ఉందో చూద్దామని తల పక్కకి తిప్పాడు. కంటికొసకి ఆమె భుజం, తడిచెయ్యి, బోర్లించిన గిన్నెల వరస కనిపించాయి. మొహం మాత్రం ఆ అలికిన మచ్చలోకే వెళ్ళిపోయింది.

ఆమె ఆఖరి గిన్నె తుడిచి, క్యారేజీ చట్రంలో పేర్చింది.

"సోమవారం కూడా కట్టాలా?" అని అడిగింది.

అది వెటకారం కాదు. కట్టాలంటే ఎన్నింటికి లేవాలో చూసుకోవడానికి అడిగిన మాట. అతను తల అడ్డంగా ఊపాడు. ఆమె కొంగుకి చేతులు తుడుచుకుని, బట్టల బుట్ట చంకన పెట్టుకుని మేడమెట్ల వైపు నడిచింది.

వీధి తలుపు చప్పుడైంది. "ఏంటి, ఇద్దరూ పెరట్లో చేరి ఈసారి టీవీ స్టేషను పెడుతున్నారా?" అంటూ భార్య వచ్చింది. మేస్త్రి మొహం చూసి ఆగిపోయింది.

"ఇలా కూర్చో," అన్నాడు మేస్త్రి.

గట్టు మీద ఇద్దరూ కూర్చున్నారు. అతను మొదట్నుంచీ చెప్పాడు. టీ తెప్పించిన దగ్గర్నుంచి, గ్రంథాలయం, పార్కు, నాదే అన్న అబద్ధం, కోడలికి ఇస్తానన్న బల్ల, ఇవాళ ఆ బల్ల ఎక్కిన కొత్తమనిషి, ఏదీ వదల్లేదు. రెండేళ్ళ క్రితం పేపరు మడుస్తూ అన్న మాట కూడా చెప్పాడు. భార్య నోటికి కొంగు అడ్డం పెట్టుకుని వింది.

"మరి అమ్మాయికి చెప్పారా ఇదంతా?" అంది చివరికి.

"చెప్పలేదు," అన్నాడు మేస్త్రి.

కోడలు వింటుందనే ఇదంతా చెప్పాడు, ఆమె కోసం తల తిప్పి చూశాడు. మేడమెట్ల మీద ఎవరూ లేరు. పైన తీగె మీంచి బట్టలు ఒక్కొక్కటే లాగుతున్న చప్పుడు వస్తోంది.